దేశభక్తి చూపించకపోతే లేనట్టేనా?

తూనీగ (ప్రశ్న):

మా ఆఫీసులో జరిగిన ఒక విషయం చెప్పి ప్రశ్న అడుగుతాను. కొంచెం పెద్దదైనా ఓపికగా చదవండి.

జాతీయ దినోత్సవం దగ్గర పడుతుండగా మా టీమ్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అందరూ జెండాతో ఫొటో దిగి ప్రొఫైల్‌కి పెట్టుకోవాలి, స్క్రీన్‌షాట్ గ్రూపులో వేయాలి అని. పైనుంచి వచ్చిన ఆర్డరేమీ కాదు, ఒక సీనియర్ ఉత్సాహంగా మొదలుపెట్టారు. నేను సంతోషంగానే పెట్టాను. జెండా పైకి వెళ్తుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అందులో నటనేమీ లేదు.

మర్నాటికల్లా పెట్టినవాళ్ల లిస్టు, పెట్టనివాళ్ల లిస్టు తయారయ్యాయి. పెట్టనివాళ్లు చాలామందే తేలారు. ఒకరు సెలవులో ఉన్నారు, ఒకరికి ఫొటోలంటేనే పడదు, ఒకావిడ ప్రొఫైల్‌లోంచి తన పాప ఫొటో ఎప్పుడూ తీసేయదు. వాళ్లనెవరూ ఏమీ అనలేదు. మా టీమ్‌లో మతమూ భాషా రెండూ మిగతావాళ్లకి వేరైన మనిషి ఒక్కరే ఉన్నారు. ప్రశ్న ఆయనకే వచ్చింది. "ఏమండీ, మీకేమైనా అభ్యంతరమా?" అని, గ్రూపులో, అందరూ చూస్తుండగా, చివర ఒక నవ్వు బొమ్మతో. ఆయన కాసేపట్లో ఫొటో మార్చేశారు. వెంటనే వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

నాకు ఆ చప్పట్లే మింగుడుపడలేదు. నేను ఫొటో పెట్టినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదే! అప్పటినుంచి ఆయన మధ్యాహ్నం మాతో కూర్చోవడం మానేశారు. పని విషయాలు తప్ప మాట్లాడటం లేదు.

ఇంట్లో చెప్తే మా అన్నయ్య, "పెడితే ఏం పోయింది? అడిగితే తప్పేంటి? దేశమంటే ప్రేమ ఉన్నవాడికి అందులో బాధేముంటుంది?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. ఒప్పుకోబుద్ధీ కాలేదు.

దేశభక్తి అంటే అసలేమిటి? దాన్ని బయటికి చూపించడంలోనే కొందరిని వేరుచేసే గుణం ఉందా, లేక మేం చేసిన తీరులోనే తప్పుందా? జెండా అంటే నాకున్న ఇష్టం తగ్గించుకోమని మాత్రం చెప్పకండి. అది తగ్గేది కాదు.

చుక్కాని:

తూనీగ గారూ, మీ అన్నయ్య పక్షాన ఒకరైనా మాట్లాడాలి కదా, నేను మాట్లాడతాను.

దేశం అంటే కోట్లమంది. వాళ్లలో తొంభై తొమ్మిది పాళ్ల మందిని నేను జీవితంలో చూడను. అయినా నేనెప్పుడూ వెళ్లని జిల్లాలో వరదొస్తే నాకు నిద్ర పట్టదు, చేతనైనంత పంపుతాను. ఆ బంధం ఊరికే పుట్టలేదు. చిన్నప్పటినుంచి ఒక జెండా కింద నిలబడి, ఒకే పాట పాడితే వచ్చింది. "నా దేశభక్తి నా మనసులో ఉంది, చాలు" అని ఎవరికి వారు అనుకుంటే అందరిదీ అనడానికి ఏం మిగులుతుంది? నలుగురూ కలిసి చూపిస్తేనే అది నలుగురిదీ అవుతుంది.

ఇంకో సంగతి. ఇంటిమీద జెండా కట్టుకున్నవాణ్ని చదువులేనివాడిలా, ఆలోచన లేనివాడిలా చూసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ చూపు నేను పడ్డాను. అది మాత్రం వేరుచేయడం కాదా? మీ ఆఫీసులో అడిగిన తీరు సరిగ్గా లేదంటే ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క మెసేజ్ పట్టుకుని జెండా చూపించడమే తప్పు అనే దాకా వెళ్లొద్దు.

పాత ప్లీడరు:

చుక్కాని గారి మొదటి మాట నాకు పూర్తిగా సమ్మతం. కలిసి నిలబడటంలో ఒక బలం ఉంది. ఆ బలం అక్కర్లేదనేవాళ్లతో నాకు పేచీ ఉంది. అయితే తూనీగమ్మా, మీరు రాసినదాంట్లో అసలు విషయం ఫొటో దగ్గర లేదు, లిస్టు దగ్గర ఉంది. పెట్టనివాళ్లు చాలామంది, అడిగింది ఒక్కరిని. అంటే మిగతావాళ్ల దేశభక్తి చూపించకపోయినా ఉన్నట్టే లెక్క. ఆయనది చూపిస్తేనే ఉన్నట్టు లెక్క. చప్పట్లు ఆయనకే పడటానికి కారణం కూడా అదే. పరీక్ష పెట్టినవాళ్లు పాసయ్యావని చెప్పారు.

కోర్టుల్లో బతికినవాణ్ని కాబట్టి నాకు కేసులే గుర్తొస్తాయి. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని బడినుంచి తీసేశారు. వాళ్లది యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం. జాతీయగీతం పాడుతున్నప్పుడు అందరితోపాటు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. దేవుడికి తప్ప మరి దేనికీ ప్రార్థనలాంటిది చేయకూడదని వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి అలాగే జరుగుతోంది, ఎవరికీ పట్టలేదు. ఒక శాసనసభ్యుడి కంట పడ్డాక అది దేశభక్తి సమస్య అయింది. విచారణ జరిపితే పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని ఎప్పుడూ అగౌరవపరచలేదనీ తేలింది. అయినా తీసేశారు. హైకోర్టులోనూ ఊరట దొరకలేదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పాడితీరాలని ఏ చట్టమూ చెప్పలేదు, లేచి నిలబడితే గౌరవం ఇచ్చినట్టే, అన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయి, దాన్ని పలచన చేయొద్దు అన్నది ఆ తీర్పు ముగింపులోని సారం. ఆ పేజీ నేను జూనియర్లందరి చేతా చదివించేవాణ్ని.

అమెరికాలో ఇదే మతంవాళ్లకి ఇంకా ఘోరం జరిగింది. అక్కడ బళ్లలో జెండాకి వందనం చేయాలి. చేయని పిల్లల్ని తీసేయొచ్చని 1940లో వాళ్ల సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా తీర్పిచ్చింది. పైన యుద్ధ వాతావరణం. ఆ తీర్పు వచ్చాక చాలా ఊళ్లలో జనం యెహోవా సాక్షుల మీద పడి కొట్టారు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. దేశద్రోహులు అన్నారు. అదే సమయంలో జర్మనీలో ఇదే మతంవాళ్లు హిట్లర్‌కి వందనం చేయనందుకు నిర్బంధ శిబిరాల్లో మగ్గుతున్నారు. రెండు చోట్లా వాళ్ల జవాబు ఒకటే. మూడేళ్లకే, 1943 జూన్ 14న, ఆ కోర్టు తన తీర్పు తానే తిరగేసుకుంది. ఏది దేశభక్తో, ఏది సరైన అభిప్రాయమో ఏ అధికారీ నిర్ణయించి జనం నోట బలవంతంగా పలికించకూడదు అంది. యుద్ధం జోరుగా సాగుతుండగా అన్న మాట అది.

ఇక మీ అన్నయ్య అడిగిన "పెడితే ఏం పోయింది?" అనేదానికి వస్తాను. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన మర్నాడే, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఒక కిరాణా కొట్టు ముందు పెద్ద అక్షరాలతో ఒక బ్యానర్ లేచింది. "నేను అమెరికన్‌ని" అని. కొట్టు యజమాని జపాన్ మూలాలున్నవాడు, అమెరికాలోనే పుట్టినవాడు. డొరొథియా లాంగ్ అనే ఫొటోగ్రాఫర్ 1942 మార్చిలో ఆ బ్యానర్‌ని ఫొటో తీసింది. అప్పటికే కొట్టు మూతపడింది. జపాన్ మూలాలున్నవాళ్లను ప్రభుత్వం బంధించి పెట్టిన శిబిరానికి ఆయన్నీ పంపేశారు. ఆయనలాంటివాళ్లు దాదాపు 1,20,000 మంది, అందులో మూడింట రెండు వంతులు అక్కడి పౌరులే. ముళ్లకంచె లోపల పెట్టిన బళ్లలో ఆ పిల్లలు రోజూ జెండాకి ప్రతిజ్ఞ చెప్పేవారు. వాళ్ల అన్నలు సైన్యంలో చేరి 442వ రెజిమెంట్‌గా యూరప్‌లో పోరాడారు. ఆ స్థాయి దళాల్లో అన్నిటికన్నా ఎక్కువ పతకాలు వాళ్లకే వచ్చాయి. కన్నవాళ్లు మాత్రం కంచె లోపలే ఉన్నారు.

అందుకని, ఏం పోయింది అంటే ఇదీ జవాబు. అనుమానించి అడిగినప్పుడు చూపించే దేశభక్తితో ఆ అనుమానం తీరదు. ఈసారి ఫొటో, వచ్చేసారి నినాదం. అడిగేవాళ్లకి చాలు అనిపించే రోజు రాదు. చూపించేవాడికి ఆ సంగతి ముందే తెలుసు. మీ సహోద్యోగి మీతో కూర్చోవడం మానేసింది కూడా బహుశా అందుకే.

దేశభక్తి అంటే ఏమిటన్నారు. నా మట్టుకు నేను చెప్తాను, అందరూ ఒప్పుకోనక్కర్లేదు. పరాయి దేశంలో అన్యాయం జరిగితే నాకు కోపం వస్తుంది. నా దేశంలో జరిగితే కోపంతోపాటు సిగ్గేస్తుంది. ఆ సిగ్గు నాది అనుకున్నచోటే పుడుతుంది. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఆ శిబిరాలకి క్షమాపణ చెప్పింది, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లను నేను ఏ జెండా ఊరేగింపుకన్నా గొప్ప దేశభక్తులంటాను.

ఫౌజీ కూతురు:

ప్లీడరు గారూ, చివరి పేరా చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చారు.

నాన్న పదాతిదళంలో చేసి రిటైరయ్యారు. మా ఇంటిమీద జెండా ఎగరేసినట్టు నాకు గుర్తులేదు. ఆయన చేసేదల్లా తనతో పనిచేసి చనిపోయినవాళ్ల భార్యలకు పింఛను కాగితాలు నింపి పెట్టడం. ఎవరి సర్వీసు నంబరు ఎంత, ఎవరి డిశ్చార్జి పుస్తకంలో పుట్టిన తేదీ తప్పు పడింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఎవరూ ఆయన్ని దేశభక్తుడని పొగడలేదు, ఆయనా ఆ మాట వాడరు.

ఒక్క విషయానికి మాత్రం ఆయనకి గట్టిగా కోపం వస్తుంది. పక్కవాళ్ల దేశభక్తిని ప్రశ్నించేటప్పుడు "సరిహద్దులో మన జవాన్లు..." అని మొదలుపెడతారే, దానికి. "నన్నడక్కుండా నా పేరు మీద దబాయింపేంటి?" అంటారు.

తూనీగ గారూ, మీకు కోలిన్ కేపర్నిక్ సంగతి తెలిసే ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. నల్లజాతివాళ్ల మీద పోలీసు హింసకి నిరసనగా 2016లో జాతీయగీతం అప్పుడు లేవకుండా కూర్చున్నాడు. దేశం అట్టుడికింది. నేట్ బోయర్ అనే మాజీ సైనికుడు, ఇరాక్‌లోనూ అఫ్గానిస్తాన్‌లోనూ పనిచేసినవాడు, చాలా నొచ్చుకున్నాడు. అయితే తిట్టి ఊరుకోలేదు. వెళ్లి కలిశాడు, కూర్చుని మాట్లాడాడు. కూర్చునే బదులు మోకాలి మీద నిలబడు, చనిపోయిన తోటి సైనికుడి సమాధి దగ్గర మేం అలాగే నిలబడతాం అని సలహా ఇచ్చాడు. ఆ సెప్టెంబర్ 1న కేపర్నిక్ మోకాలి మీద నిలబడితే బోయర్ పక్కనే లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ సీజన్ తర్వాత కేపర్నిక్‌ని ఏ జట్టూ తీసుకోలేదన్నది వేరే సంగతి, దానికి నాకు ఇప్పటికీ బాధే. కానీ నొచ్చుకున్నవాడు ఏం చేయొచ్చో బోయర్ చేసి చూపించాడు. మీ గ్రూపులో ఆ సీనియర్‌కి నిజంగానే సందేహం ఉంటే మీ సహోద్యోగి పక్కన కూర్చుని అడగాల్సింది. నలుగురి ముందు అడిగింది జవాబు కోసం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2016లోనే గోవాలో ఒక సినిమా హాల్లో జాతీయగీతం వస్తుంటే లేవలేదని ఒకాయన్ని వెనకనుంచి కొట్టారు. ఆయన వెన్నుపూస దెబ్బతిని చక్రాల కుర్చీ వాడే మనిషి. లేవలేడు. అది చదివి నాన్న ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

చుక్కాని:

గోవా సంగతి నాకు తెలియదు. దానికి ఏ సమర్థనా లేదు.

కానీ ప్లీడరు గారూ, ఒక్కటి తేల్చండి. మీ లెక్కన ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదా? ఒకడు ఈ దేశంలో ఉంటూ, ఆట వచ్చేసరికి అవతలి జట్టుకి ఈలలు వేస్తుంటే నాకు మండదా?

పాత ప్లీడరు:

మండుతుంది. మంట మీ హక్కు, నేను కాదనను. దాన్ని కొలబద్ద చేస్తేనే చిక్కు. 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు ఇదే కొలబద్ద తెచ్చాడు. వలస వచ్చిన కుటుంబాలవాళ్లు క్రికెట్‌లో ఎవరి గెలుపు కోరుకుంటారో చూడండి, ఇంగ్లండ్‌దా, వదిలొచ్చిన దేశానిదా అని. ఎవరికి పెట్టాడో గమనించండి. ఇంగ్లండ్‌లో ఉంటూ స్కాట్లాండ్ గెలవాలని గోల చేసే స్కాట్‌లాండ్‌వాళ్లకి ఆ పరీక్ష ఎవరూ పెట్టలేదు. ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడి ఇంగ్లండ్‌కి చప్పట్లు కొట్టే తెల్లవాళ్లను చూసి ఇంగ్లండ్‌లో ఎవరూ నొచ్చుకోలేదు. చట్టాలు పాటిస్తున్నాడా, పన్ను కడుతున్నాడా, పక్కింటివాడి కష్టానికి వస్తున్నాడా అన్నవి అందరినీ అడగొచ్చు, మిమ్మల్నీ నన్నూ కూడా. కొందరికే వేసే ప్రశ్న అయితే అందులో దేశభక్తి పాలు తక్కువ.

తూనీగ:

అందరికీ దండాలు. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ప్లీడరు గారి ఓక్లాండ్ బ్యానర్ కథ అన్నయ్యకి చదివి వినిపించాను. వెంటనే ఏమీ అనలేదు. తర్వాత "అడగడం తప్పు కాకపోవచ్చు, ఒక్కడినే అడగడం తప్పు" అన్నాడు. నాకు అది చాలా పెద్ద మార్పు.

ఇంకో సందేహం. మళ్లీ ఏడు ఈ కార్యక్రమం మా టీమ్ నన్నే చూడమంది. ఏమీ చేయకుండా మానేస్తే చుక్కాని గారన్నట్టు కలిసి నిలబడేదీ పోతుంది. చేస్తే మళ్లీ ఇదే గొడవ అవుతుందేమోనని టెన్షన్. గుర్తుల్ని అందరివీ చేసిన అనుభవం ఎక్కడైనా ఉందా?

పాత ప్లీడరు:

ఉందమ్మా, రెండు చోట్ల బాగా జరిగింది. అయితే తేలిగ్గా జరగలేదు.

కెనడాకి 1965 దాకా ఉన్న జెండాలో ఒక మూల బ్రిటన్ జెండా ఉండేది. ఫ్రెంచి మాట్లాడే కెనడావాళ్లకి అది తమ జెండా అనిపించేది కాదు. ప్రధాని లెస్టర్ పియర్సన్ దాన్ని మార్చాలనుకుని, ఆ మాట 1964 మేలో విన్నిపెగ్‌లో మాజీ సైనికుల సభకే వెళ్లి చెప్పాడు. ఆ పాత జెండా కింద పోరాడినవాళ్లు వాళ్లు. గేలి చేశారు, కేకలేశారు. ఆయనా మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవాడే. అందుకే వాళ్ల బాధ తెలుసుకుని, వాళ్ల ముఖం చూసి చెప్పాడు. పార్లమెంటులో నెలల తరబడి కొట్లాట జరిగింది. 1965 ఫిబ్రవరి 15న మేపుల్ ఆకు జెండా ఎగిరింది. ఇప్పుడు ఆ ఆకు లేని కెనడాని ఊహించలేం.

దక్షిణాఫ్రికా ఇంకోదారి పట్టింది. స్ప్రింగ్‌బాక్ అనే జింక గుర్తున్న జాతీయ రగ్బీ జట్టు జెర్సీ అంటే నల్లవాళ్లకి వర్ణవివక్ష పాలనే కళ్లముందు కనపడేది. 1995 ప్రపంచకప్ ఫైనల్‌కి మండేలా ఆ జెర్సీయే తొడుక్కుని మైదానంలోకి వచ్చాడు. 27 ఏళ్లు ఆ పాలన జైల్లో ఉన్న మనిషి! తెల్లవాళ్లు ప్రాణంగా చూసుకునే గుర్తుని లాక్కోలేదు, నాది కూడా అన్నాడు. 1997లో పాత పాలన గీతాన్నీ, స్వాతంత్ర్య పోరాటంలో పాడుకున్న గీతాన్నీ కలిపి ఐదు భాషల్లో ఒకే జాతీయగీతం చేశారు. అది అందరికీ నచ్చిందని చెప్పను, పాత పాలన గీతం ముక్క తీసేయాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క జెర్సీతో గాయాలన్నీ మానలేదు కూడా.

మీ కార్యక్రమానికి నేనిచ్చే సలహా ఒకటే. రమ్మని పిలవండి, ఎవరు వచ్చారో రాసుకోకండి. లిస్టు కట్టే అవకాశమే లేకుండా చేయండి.

ఫౌజీ కూతురు:

దానికి నాదొక చేర్పు. ప్లాన్ చేసేటప్పుడే మీ సహోద్యోగిని కలుపుకోండి. అన్నీ అయిపోయాక వేదిక మీదికి పిలిచి "చూశారా, ఈయనా మాతో ఉన్నారు" అనడం మళ్లీ పరీక్షే. ఆయనకి రావాలని లేకపోతే, ఎందుకని అడగకండి.

చుక్కాని:

జెండా మాత్రం ఎగరేయండి, మర్చిపోవద్దు.

తూనీగ:

ఎగరేస్తాం చుక్కాని గారూ, అందులో రాజీ లేదు.

నిన్న ఆ సీనియర్‌తో విడిగా మాట్లాడాను. నేను ఆయన్ని తప్పుపట్టడానికి వచ్చాననుకుని మొదట బిగుసుకున్నారు. లిస్టు ఎందుకు కట్టారని అడిగితే "ఎంతమంది పాల్గొన్నారో తెలుస్తుందని" అన్నారు. లిస్టులో అంతమంది ఉండగా ఒక్కరినే ఎందుకు అడిగారంటే చాలాసేపు మాట్లాడలేదు. గ్రూపులోంచి ఆ మెసేజ్ తీసేశారు. ఆ సహోద్యోగితో తనే మాట్లాడతానన్నారు, నేను పక్కన ఉండక్కర్లేదన్నారు. మాట్లాడారో లేదో ఇంకా తెలియదు.

ఈసారి ఫొటోలు వద్దనుకున్నాను. ఉదయం జెండా ఎగరేశాక ఎవరికి వీలైతే వాళ్లు రక్తదానం చేసేలా ఏర్పాటు చేస్తున్నాను. పేర్లు రక్తనిధివాళ్ల రిజిస్టరులో తప్ప మా గ్రూపులో ఎక్కడా రావు. ఆరోగ్యం వల్ల ఇవ్వలేనివాళ్లు ఉంటారు కాబట్టి దాన్ని కూడా ఎవరూ లెక్కపెట్టకుండా చూసుకోవాలి. అలాంటి శిబిరం నడిపిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి, ముందుగా ఎవరి అనుమతి తీసుకోవాలో నాకు తెలియడం లేదు.